వెనక వరుస ముందుకొచ్చింది

1992 మార్చిలో జర్మనీలోని కొలోన్ నగరం. స్టాట్‌గార్టెన్ అనే చిన్న హాలు. మేసియో పార్కర్ శాక్సఫోన్‌తో మైకు ముందుకొచ్చి, తాము వాయించేదాంట్లో జాజ్ రెండు శాతమే, మిగతా 98 శాతం ఫంకేనని లెక్క తేల్చేశాడు. అక్కడ రికార్డు చేసిన ‘లైఫ్ ఆన్ ప్లానెట్ గ్రూవ్’ ఆల్బమ్‌లో ఒక్క ‘షేక్ ఎవ్రీథింగ్ యూ హావ్ గాట్’ పాటే పదహారు నిమిషాలు దాటుతుంది. చాలాచోట్ల బేస్ గిటార్ కూడా లేదు. ఆ బరువంతా లారీ గోల్డింగ్స్ ఆర్గన్ మీదే మోశాడు. అయినా ఎక్కడా పలచబడినట్టుండదు.

అప్పటికి మేసియో వయసు 49. నార్త్ కరోలినాలోని కిన్‌స్టన్ కుర్రాడు. 1964లో గాయకుడు జేమ్స్ బ్రౌన్‌కి కావలసింది నిజానికి డ్రమ్స్ వాయించే తమ్ముడు మెల్విన్. అన్న కూడా వెంట వచ్చాడు, బారిటోన్ శాక్సఫోన్ పట్టాడు. మరుసటేడు బ్రౌన్ పాట ‘పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్’ వచ్చింది. మనకు తాళంలో సమం ఎలాగో, బ్రౌన్‌కి ఆవర్తంలో మొదటి దెబ్బ అలాగ. బృందమంతా అక్కడ కలిసి పడాల్సిందే. స్వరం తప్పినా, బూటు మెరవకపోయినా జరిమానా! ఆ క్రమశిక్షణలోంచే ఫంక్ పుట్టింది, ఆ విసుగులోంచే తిరుగుబాటూ పుట్టింది. 1970లో బృందంలో చాలామంది మేసియోతో కలిసి బయటికి నడిచారు. సొంత కుంపటి అంతగా రాజుకోలేదు. 1973కల్లా ఆయన మళ్లీ బ్రౌన్ దగ్గరే ఉన్నాడు.

డిస్కో, సింథసైజర్లు వచ్చాక బ్రాస్ వాద్యాలతో నిండిన ఫంక్ బృందాలకు గిరాకీ తగ్గింది. దాన్ని మళ్లీ బతికించింది సాంప్లర్ అనే యంత్రమంటే నాకు ఇప్పటికీ తమాషాగానే ఉంటుంది. హిప్‌హాప్ కుర్రాళ్లు పాత రికార్డుల్లోంచి ముక్కలు కత్తిరించి తమ పాటల కింద పరిచారు. 1969లో సిన్సినాటిలో బ్రౌన్ డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ ‘ఫంకీ డ్రమ్మర్’ పాట కోసం వాయించిన కొన్ని క్షణాల డ్రమ్స్ ముక్క వందల పాటల్లోకి పాకింది. పాట రచయితగా ఆయన పేరు లేదు కాబట్టి రాయల్టీ మాత్రం ఆయన దాకా రాలేదు.

ఇంతలో 1988 చివర్లో బ్రౌన్ జైలుకెళ్లాడు. పిలిచే గొంతు లేకపోయేసరికి వెనక వరుసవాళ్లకు దారి దొరికింది. మేసియో, ట్రాంబోన్ ఫ్రెడ్ వెస్లీ, టెనర్ శాక్సఫోన్ పీవీ ఎలిస్ కలిసి జర్మన్ సంస్థ మైనర్ మ్యూజిక్‌కి 1990లో ‘రూట్స్ రీవిజిటెడ్’ ఇచ్చారు. అమెరికాలో అది సమకాలీన జాజ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. కానీ స్టూడియో రికార్డులో ఒద్దిక ఎక్కువ. కొలోన్ రికార్డులో ఆ ఒద్దిక లేదు. ముగ్గురి ఊపిరీ ఒక్కసారిగా తెగుతుంది, రాడ్నీ జోన్స్ గిటార్ గోకుడు ఆగదు, జనం కేకలు పాటలో కలిసిపోతాయి. డచ్ శాక్సఫోన్ కళాకారిణి క్యాండీ డల్ఫర్ కూడా అతిథిగా చేరింది. ఫంక్ అంటే ఏమిటని అడిగేవాళ్లకు నేను బ్రౌన్ రికార్డుకంటే ముందు దీన్నే ఇస్తాను.

తర్వాత వెస్లీ, ఎలిస్ ఎవరి బృందాలు వాళ్లు పెట్టుకున్నారు. 1999 తర్వాత మేసియో గాయకుడు ప్రిన్స్ వెనక నిలబడి చాలా ఏళ్లు వాయించాడు. సొంత కచేరీలు మాత్రం మానలేదు. వేదికెక్కితే అంత తొందరగా దిగేవాడు కాదు.