వినికిడి ఆధారిత బోధన (కర్నూలు, కడప ప్రాంతం)

చదివినదానికంటే విన్నది బాగా ఒంటబట్టే పిల్లలకు పాఠాన్ని చెవి ద్వారా అందించే పద్ధతి. సీమకు ఇది కొత్త కాదు. వేమన పద్యాలు జనం నోళ్లలో నానుతూ వచ్చాకే, కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ చేతుల మీదుగా 1829లో అచ్చయ్యాయి.

కడప ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో ప్రాథమిక పాఠశాలల కోసం ఆకాశవాణి ‘విందాం నేర్చుకుందాం’ ప్రసారం చేసింది. ఇలాంటి పాఠానికి బలం విరామమే. రేడియో ప్రశ్న అడిగి కొన్ని క్షణాలు ఆగుతుంది; పిల్లలు గొంతెత్తి జవాబిస్తారు; ఆలోగా టీచరు ముఖ్యమైన మాటను నల్లబల్ల మీద రాస్తారు. ఆ రాత లేకపోతే విన్నది నిలవడం కష్టం.

కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు ప్రాంతానికి వలస వెళ్తాయి. వెంట వెళ్లిన పిల్లలకు ఫోన్‌లో రికార్డు చేసిన పాఠం ఎంతో ఆసరా. ఎన్నిసార్లయినా వినొచ్చు, సిగ్నల్ అక్కర్లేదు.

అయితే పిల్లలను ‘వినేవాళ్లు’, ‘చూసేవాళ్లు’ అని విడదీసి బోధిస్తే ఫలితం పెరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో తేల్చింది. కాబట్టి వినడం అందరికీ అదనపు దారిగా ఉండాలి. చూపు లేని పిల్లలకు మాత్రం అది అవసరం. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం హక్కు కూడా. ఆడియో పుస్తకాలు, పరీక్షలో ప్రశ్నలు చదివి జవాబులు రాసిపెట్టే సహాయకుడు వారికి తప్పనిసరిగా అందాలి.