'అర్హత' మారిన తీరు: శరణాలయం నుంచి కండెన్స్‌డ్ కోర్సు దాకా వయోజన స్త్రీల ఉద్యోగ శిక్షణ

సంక్షేమ పథకాల దరఖాస్తు పత్రాల్లోనూ ఉద్యోగ ప్రకటనల్లోనూ 'అర్హత' అనే మాట తప్పక కనిపిస్తుంది. రెండు చోట్లా దాని అర్థం ఒకటి కాదు. వితంతు పింఛను దరఖాస్తులో అర్హత అంటే లేమి: భర్త లేకపోవడం, ఆస్తి లేకపోవడం, పోషించే దిక్కు లేకపోవడం. ఉద్యోగ ప్రకటనలో అర్హత అంటే చదువు, శిక్షణ, ధ్రువపత్రం. ఆధారం కోల్పోయిన స్త్రీకి మొదటి అర్హత పుష్కలంగా ఉంటుంది. తరచుగా ఏ కారణాలు దాన్ని తెచ్చిపెట్టాయో ఆ కారణాలే రెండోదాన్ని దూరం చేస్తాయి. ఇరవయ్యో శతాబ్దంలో వయోజన స్త్రీలకు చదువు, పని నేర్పడానికి జరిగిన ప్రయత్నాలన్నీ ఈ రెండు అర్థాల మధ్య ఉన్న దూరాన్ని దాటించడానికి జరిగినవే. ఆ ప్రయత్నాల్లో ఆంధ్ర మహిళాసభకూ, దాని అనుభవం నుంచి అఖిల భారత స్థాయికి ఎదిగిన కండెన్స్‌డ్ కోర్సుకూ ప్రత్యేక స్థానం ఉంది.

తెలుగు సంస్కరణోద్యమ చరిత్రలు పునర్వివాహాల మీద చూపినంత శ్రద్ధ, పునర్వివాహం చేసుకోని వితంతువు ఏ పని చేసుకుని బతికిందన్న ప్రశ్న మీద చూపలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం ప్రతి సాహిత్య చరిత్రలోనూ చోటు చేసుకుంది. అదే కందుకూరి మద్రాసులోనూ రాజమహేంద్రవరంలోనూ నడిపిన వితంతు శరణాలయాలకు ఆ చరిత్రల్లో దక్కింది తక్కువ. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. వివాహం ఒక సంఘటన. దానికి తేదీ ఉంటుంది, సాక్షులుంటారు, వ్యతిరేకులుంటారు. ముప్పై ఏళ్ల స్త్రీ పలక పట్టడం రోజూ జరిగే పని. దాన్ని కథగా చెప్పడం కష్టం.

శరణాలయంలో బడి

కందుకూరి కార్యక్రమం ఒంటరిది కాదు. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో శారదా సదన్‌ను ప్రారంభించింది. ధోండో కేశవ్ కర్వే 1896లో పుణెలో వితంతు గృహానికి నాంది పలికాడు. 1909లో రమాబాయి రానడే నాయకత్వంలో పుణెలో మొదలైన సేవాసదన్ పెళ్లైన స్త్రీలకూ వితంతువులకూ చదువు చెప్పి, ఉపాధ్యాయినులుగా, నర్సులుగా తయారుచేసింది. మద్రాసులో సిస్టర్ సుబ్బలక్ష్మి 1910ల్లో బాలవితంతువుల కోసం నెలకొల్పిన వసతి గృహం తర్వాత తిరువల్లిక్కేణి సముద్రతీరంలోని ఐస్ హౌస్‌కు మారింది. అక్కడి నుంచి బయటకు వచ్చిన యువతులు ప్రధానంగా ఉపాధ్యాయినులయ్యారు.

ఉపాధ్యాయ వృత్తే ఎందుకు? బాలికా పాఠశాలలకు ఉపాధ్యాయినులు కావాలి. మగ ఉపాధ్యాయుడి దగ్గరకు ఈడొచ్చిన ఆడపిల్లను పంపడానికి కుటుంబాలు ఇష్టపడేవి కావు. గృహిణికి ఇల్లు విడిచి వచ్చే వీలు లేదు. ఇక మిగిలింది ఇంటి బాధ్యతల నుంచి సమాజమే తప్పించిన వితంతువు. శుభకార్యాలకు ఎదురు రాకూడదని ఏ స్త్రీని సమాజం పక్కన పెట్టిందో, ఆ స్త్రీయే పిల్లలకు ఓనమాలు దిద్దించడానికి అందుబాటులో ఉన్న ఏకైక వయోజన స్త్రీ అయింది. శరణాలయాల విజయం వెనుక దాతల ఉదారత ఎంత ఉందో, ఉపాధ్యాయినుల కొరత కూడా అంత ఉంది. ఉద్యోగ శిక్షణ చరిత్రలో ఈ అంశం మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది: శిక్షణ వెనుక ఖాళీ ఉన్నప్పుడే అది ఉద్యోగంగా మారింది.

ఈ గృహాలకున్న పరిమితి కులానిది. ఐస్ హౌస్ గృహం బ్రాహ్మణ వితంతువులకు ఉద్దేశించింది. పొలంలో నాట్లు వేసి, కలుపు తీసి బతికే వితంతువు 'వితంతు సమస్య'లోకి రాలేదు. ఆమె ముందునుంచీ పనిచేస్తూనే ఉంది కాబట్టి ఆమెకు పని నేర్పాలన్న ఆలోచన ఎవరికీ కలగలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో శారదా నికేతనాన్ని స్థాపించారు. 'మాలపల్లి' వెలువడింది కూడా ఆ ఏడాదే. శ్రమను గురించి రాసిన నవలనూ, స్త్రీలను స్వయంపోషకులను చేయాలనుకున్న సంస్థనూ సాహిత్య చరిత్ర వేర్వేరు అధ్యాయాల్లో ఉంచుతూ వచ్చింది. రెండింటినీ కలిపి చదవడం ఇకనైనా జరగవలసిన పని.

కాశీ పట్టా

శరణాలయాలు తీర్చలేని చిక్కు ఒకటి ఉంది. పాఠశాల వ్యవస్థ మెట్ల వ్యవస్థ. ఒకటో తరగతి నుంచి ఏటా ఒక మెట్టు ఎక్కితేనే మెట్రిక్యులేషన్. ఇరవై అయిదేళ్ల వయసులో అక్షరాలు దిద్దిన స్త్రీ ఆ లెక్కన మెట్రిక్ చేరేసరికి ముప్పై అయిదు దాటుతుంది. అప్పటిదాకా పదేళ్ల పిల్లల పక్కన కూర్చోవాలి. ఈ చిక్కును స్వయంగా అనుభవించిన స్త్రీ దుర్గాబాయి (1909–1981). రాజమహేంద్రవరంలో పుట్టి, బాల్యవివాహం నుంచి బయటపడి, పాఠశాల చదువు మధ్యలోనే మాని, కాకినాడలో బాలికలకు హిందీ బడి నడిపిన దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్లింది. విడుదలైన తర్వాత ఇంగ్లీషు నేర్చుకుని, బెనారసు హిందూ విశ్వవిద్యాలయ మెట్రిక్యులేషన్‌కు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణురాలైంది. పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం, మద్రాసులో న్యాయశాస్త్రం చదివింది.

1937లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర మహిళాసభ ఈ దారినే ఇతర స్త్రీలకూ తెరిచింది. 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్' అనే చిన్న బృందంగా మొదలైన ప్రయత్నం సంస్థ రూపం తీసుకున్నప్పుడు, దాని తొలి పనుల్లో ముఖ్యమైనది బెనారసు మెట్రిక్‌కు స్త్రీలను తయారుచేయడం. తరగతులన్నీ వరసగా చదవకుండా నేరుగా పరీక్షకు కూర్చునే వీలు కల్పించిన ఆ విశ్వవిద్యాలయ నిబంధన లేకపోతే సభ చరిత్ర వేరుగా ఉండేది. తెలుగు వితంతువుకు కాశీ అంటే తరతరాలుగా అంత్యకాలపు మజిలీ. ఆ ఊరి పేరున్న పట్టా ఆమె చేతికి ఉద్యోగ అర్హతగా రావడం తెలుగు సాంస్కృతిక చరిత్రలో గమనించదగిన మలుపు. సభ క్రమంగా ఉపాధ్యాయ శిక్షణ, నర్సింగు, చేతిపనుల వైపు విస్తరించింది. 'ఆంధ్రమహిళ' పత్రికను నడిపింది. ఇవన్నీ ఒకదానికొకటి అనుబంధాలు. పట్టా పొందిన స్త్రీకి సభలోనే పని దొరికేది. ఆ పని మరికొందరు స్త్రీల చదువుకు ఉపయోగపడేది.

రెండేళ్లలో మెట్రిక్

1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడి, దుర్గాబాయి దానికి తొలి అధ్యక్షురాలైంది. మరుసటి ఏడాది నుంచి బోర్డు గ్రామాల్లో సంక్షేమ విస్తరణ కేంద్రాలు తెరిచింది. బాలవాడి, ప్రసూతి సేవ, వయోజన విద్య, చేతిపనులు వాటి కార్యక్రమాలు. కేంద్రాలకు డబ్బు దొరికింది కాని వాటిని నడిపే స్త్రీలు దొరకలేదు. 1951 జనగణన ప్రకారం దేశంలో స్త్రీల అక్షరాస్యత 9% లోపే. చదువుకున్న కొద్దిమందీ పట్టణ స్త్రీలు. పల్లెకు వచ్చి ఉండడానికి వారు సుముఖులు కారు. పల్లెలో ఉండగలిగిన స్త్రీకి చదువు లేదు.

1958లో బోర్డు ప్రారంభించిన వయోజన స్త్రీల సంక్షిప్త విద్యా ప్రణాళిక ఈ కొరత నుంచి పుట్టింది. వ్యవహారంలో దాన్ని కండెన్స్‌డ్ కోర్సు అనే అన్నారు. కొద్దిపాటి చదువుతో ఆగిపోయిన వయోజన స్త్రీలను, ముఖ్యంగా వితంతువులను, భర్త వదిలేసినవారిని, పేద కుటుంబాలవారిని సుమారు రెండేళ్లలో మిడిల్ లేదా మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేయడం దాని లక్ష్యం. బోర్డు గ్రాంటు ఇచ్చేది. స్వచ్ఛంద సంస్థలు బడి, వసతి నడిపేవి. పరీక్ష దాటినవారు ఉపాధ్యాయ శిక్షణకో, నర్సు శిక్షణకో, గ్రామసేవిక శిక్షణకో వెళ్లేవారు. అదే ఏడాది దుర్గాబాయి అధ్యక్షతన ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా సంఘం 1959లో తన నివేదిక సమర్పించింది. స్త్రీ విద్యను ప్రత్యేక సమస్యగా గుర్తించిన ఆ నివేదికనూ కండెన్స్‌డ్ కోర్సునూ ఒకే ఆలోచనలోని రెండు భాగాలుగా చూడాలి.

కోర్సు ప్రత్యేకత అంతా అది ప్రశ్నించిన ఒక ఊహలో ఉంది. పదేళ్ల చదువుకు పదేళ్లు కావాలన్నది బాల్యాన్ని దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క. ఇల్లు నడిపిన స్త్రీకి వడ్డీ తెలుసు, కొలతలు తెలుసు, రోగికి చేసే సేవ తెలుసు. వాటిని రాయడం, పరీక్ష భాషలో చెప్పడం తెలియదు. ఆ మేరకు కాలాన్ని కుదించవచ్చన్నది దుర్గాబాయి నమ్మకం. ఆ నమ్మకానికి మొదటి సాక్ష్యం ఆమె జీవితమే. ప్రవేశానికి లేమి అర్హత, నిష్క్రమణకు ఉత్తీర్ణత అర్హత. పైన చెప్పిన రెండు అర్థాలనూ ఒకే తలుపుకు రెండు వైపులా నిలబెట్టిన తొలి ప్రభుత్వ పథకాల్లో ఇది ఒకటి.

అయితే కోర్సు ఎవరిని చేరగలిగిందన్న ప్రశ్నను దాటవేయకూడదు. రెండేళ్ల వసతి అంటే రెండేళ్ల కూలి పోవడం. గ్రాంటు ఆమె తిండికీ చదువుకూ సరిపోవచ్చు. ఇంటి దగ్గర ఆమె కూలి మీద బతికే తల్లికీ పిల్లలకూ అందులో భాగం లేదు. అంటే పిల్లల్ని అప్పగించడానికి పుట్టిల్లున్న స్త్రీ చేరగలదు, ఆ ఆసరా కూడా లేని స్త్రీ చేరలేదు. పైగా ఎంతో కొంత చదువు ముందే ఉండాలన్న షరతు నిరక్షరాస్యుల్ని వదిలేసింది. శరణాలయం గీసిన కులపు గీతను కోర్సు నిబంధనల్లో చెరిపేసింది. జీవితంలో ఆ గీత చాలావరకు అలాగే ఉంది.

సేవిక, కార్యకర్త

ఈ శిక్షణల చివర ఉన్న కొలువుల పేర్లు సాహిత్య విద్యార్థుల దృష్టిని ఆకర్షించవలసినవి. గ్రామసేవిక, బాలసేవిక. మగవాడు కూడా మొదట గ్రామసేవకుడే. కాలక్రమంలో అతడు గ్రామాభివృద్ధి అధికారి అయ్యాడు. స్త్రీ పేరులోని సేవ మాత్రం స్థిరంగా ఉంది. సేవ అన్న మాటకు జాతీయోద్యమం ఇచ్చిన గౌరవం నిజమైనదే. దుర్గాబాయి తరం ఆ మాటను త్యాగంతో సంపాదించుకుంది. అదే మాట జీతాల పట్టికలోకి వచ్చేసరికి మరో పని చేసింది.

1975లో బోర్డు వృత్తి శిక్షణను కూడా చేపట్టింది. ఆ ఏడాది అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. చదువుకున్న పల్లె స్త్రీల కోసం ప్రభుత్వం మళ్ళీ వెతికింది, ఈసారి వారు దొరికారు. వారికి ఇచ్చిన పేరు అంగన్‌వాడీ కార్యకర్త. ఇచ్చిన ప్రతిఫలం పేరు గౌరవ వేతనం. 1979లో వచ్చిన ట్రైసెమ్, 1982లో వచ్చిన డ్వాక్రా పథకాల నాటికి ఉద్యోగం అన్న మాట వెనక్కి తగ్గి స్వయం ఉపాధి ముందుకు వచ్చింది; శిక్షణ చివర కొలువుకు బదులు కుట్టుమిషనో, అప్పో, పొదుపు సంఘమో కనిపించింది. (1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా వాచకం సారా వ్యతిరేకోద్యమానికి దారితీసిన వైనం ఈ వరుసలోకి రాదు. ఉద్యోగం ఊసు లేని ఆ చదువు విడిగా పరిశీలించదగినది.)

ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్త నియామక ప్రకటనలు చూస్తే అర్హత కింద పదో తరగతి ఉత్తీర్ణతతో పాటు, అభ్యర్థి వివాహితై ఉండాలని, స్థానికురాలై ఉండాలని కనిపిస్తుంది. శరణాలయం భర్త లేకపోవడాన్ని అర్హతగా చూసింది. ఈ ప్రకటనలు పెళ్లి కావడాన్ని అర్హతగా చూశాయి. పురుష ఉద్యోగి ప్రకటనల్లో సాధారణంగా లేని ఈ షరతు, పనితో పాటు స్త్రీ ఇంటి స్థితిని కూడా ప్రభుత్వం లెక్కలోకి తీసుకోవడం మానలేదని తెలుపుతుంది.

ఈ కొలువు ఉద్యోగమా కాదా అన్న వివాదం న్యాయస్థానాలకు చేరింది. 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వ సివిల్ పోస్టు కాదని తేల్చింది. 2022 ఏప్రిల్‌లో మణిబెన్ మగన్‌భాయ్ కేసులో అదే న్యాయస్థానం వారికీ సహాయకులకూ గ్రాట్యుటీ వర్తిస్తుందని, ఆ చట్టం దృష్టిలో గౌరవ వేతనం కూడా వేతనమేనని తీర్పు చెప్పింది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు కనీస వేతనం, గ్రాట్యుటీ కోరుతూ సమ్మెకు దిగారు. సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో, 2024 జనవరిలో, రాష్ట్ర ప్రభుత్వం వారి పనిని అత్యవసర సేవగా ప్రకటించి ఎస్మా ప్రయోగించింది. ఆ ఉత్తర్వు వెలువడిన నాటికి వారు అందుకుంటున్నది గౌరవ వేతనమే.