మానిటరు లేని సర్వరులో రిమోట్ డెస్క్‌టాప్

మానిటరు, కీబోర్డు, మౌస్ లేకుండా పనిచేసే సర్వరును హెడ్‌లెస్ సర్వరు అంటారు. ఇటువంటి సర్వరు తెరను నెట్‌వర్కు ద్వారా మరొక కంప్యూటరులో చూస్తూ, అక్కడి కీబోర్డు, మౌస్‌లతోనే దానిని నడిపే పద్ధతిని రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. సర్వరుకు కరెంటు అంది, ఆపరేటింగ్ సిస్టం మొదలవగానే ఎవరి ప్రమేయమూ లేకుండా ఈ సౌకర్యం కూడా దానంతటదే మొదలు కావాలి. అలా కాని పక్షంలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఒక మనిషి మానిటరు పట్టుకొని సర్వరు దగ్గరకు వెళ్ళవలసి వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో అవసరం

హైదరాబాదు నగరానికి తూర్పున, విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి మీద దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ఉన్నాయి. శిక్షణ కేంద్రాలకు, విద్యార్థుల వసతి గృహాలకు దిల్‌సుఖ్‌నగర్ పేరు పొందింది. కంప్యూటరు కోర్సులకు ప్రసిద్ధి చెందిన అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న మొదలయింది. చిన్న శిక్షణ కేంద్రాలలో, కార్యాలయాలలో సర్వరు కోసం ప్రత్యేకమైన గది ఉండడం అరుదు. ఒక పాత కంప్యూటరునే మూలన పెట్టి సర్వరుగా వాడుకొనే చోట దానికి మానిటరు తగిలించి ఉంచడం అనవసరమైన ఖర్చు.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయినప్పుడు తాళం వేసిన కార్యాలయాలలోని కంప్యూటర్లను ఇంటి నుండి వాడుకోవలసి వచ్చింది. పునఃప్రారంభం తరువాత ఎవరో ఒకరు సంకేతపదం కొట్టనిదే ముందుకు సాగని సర్వరు అటువంటి సమయంలో ఉండీ లేనట్లే. అదే సంవత్సరం అక్టోబరు 13న కురిసిన కుండపోత వర్షానికి సరూర్‌నగర్ చెరువు పరిసరాలలోని కాలనీలు నీట మునిగాయి. సర్వరును సెల్లారులో కాక పై అంతస్తులో ఉంచవలసిన అవసరాన్ని ఈ వరద గుర్తుచేసింది.

చరిత్ర

ఒక కంప్యూటరులో నడిచే ప్రోగ్రాము తెరను మరొక కంప్యూటరులో చూపే ఏర్పాటు యునిక్స్ లోకంలో పాతదే. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1984లో మొదలయిన ఎక్స్ విండో సిస్టం నెట్‌వర్కును దృష్టిలో పెట్టుకొనే రూపొందింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి పరిశోధనాలయం 1990లలో విఎన్‌సి అనే పద్ధతిని తయారుచేసింది. ఆ పరిశోధనాలయం 2002లో మూతపడగా, అక్కడ పనిచేసినవారు కొందరు అదే సంవత్సరం రియల్‌విఎన్‌సి సంస్థను స్థాపించారు. మైక్రోసాఫ్ట్ సంస్థ ఆర్‌డిపి అనే పద్ధతిని 1998లో విండోస్ ఎన్‌టి 4.0 టెర్మినల్ సర్వరుతో ప్రవేశపెట్టింది. 2001లో విడుదలయిన విండోస్ ఎక్స్‌పి ప్రొఫెషనల్‌తో ఇది మామూలు వాడుకరులకు కూడా అందుబాటులోకి వచ్చింది.

విఎన్‌సి సాధారణంగా 5900 సంఖ్య గల పోర్టును, ఆర్‌డిపి 3389 పోర్టును వాడతాయి. విఎన్‌సి తెరను చుక్కల చిత్రంగా భావించి, మారిన భాగాలను మాత్రమే పంపుతుంది. ఆర్‌డిపి చిత్రాలతో పాటు గీతలు, అక్షరాలు గీయమనే ఆదేశాలను కూడా పంపగలదు.

మానిటరు లేనప్పుడు ఎదురయ్యే ఇబ్బందులు

మానిటరు తాను చూపగల కొలతలను కేబులు ద్వారా కంప్యూటరుకు తెలియజేస్తుంది. మానిటరు లేనప్పుడు ఈ సమాచారం అందదు. దానితో కొన్ని గ్రాఫిక్స్ కార్డులు తెరను అసలు సిద్ధం చేయవు, లేదా చాలా చిన్న కొలతతో సిద్ధం చేస్తాయి. దూరం నుండి చూసేవారికి నల్లని తెర కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి.

* డమ్మీ ప్లగ్: మానిటరు ఉన్నట్లు కంప్యూటరును నమ్మించే చిన్న బిళ్ళ. దీనిని హెచ్‌డిఎంఐ రంధ్రంలో పెడితే చాలు.
* మిథ్యా తెర: గ్రాఫిక్స్ కార్డుతో పని లేకుండా మెమరీలోనే తయారయ్యే తెర. ఉన్న తెరను చూపే ఎక్స్11విఎన్‌సి వంటి ప్రోగ్రాములకు బదులు, తామే కొత్త తెరను సృష్టించే టైగర్‌విఎన్‌సి, ఎక్స్‌ఆర్‌డిపి వంటివి వాడితే మానిటరు ప్రసక్తే ఉండదు.

ఆపరేటింగ్ సిస్టం మొదలు కాకముందే వచ్చే ఆటంకాలు కూడా ఉన్నాయి. కీబోర్డు లేదని పాత కంప్యూటర్లు కొన్ని మధ్యలోనే ఆగిపోతాయి. బయోస్ అమరికలలో ఈ తనిఖీని ఆపివేయాలి. కరెంటు పోయి వచ్చాక కంప్యూటరు తిరిగి మొదలయ్యే అమరిక కూడా బయోస్‌లోనే ఉంటుంది. డిస్కును పూర్తిగా గుప్తీకరించినట్లయితే, నెట్‌వర్కు సిద్ధం కాకముందే కంప్యూటరు సంకేతపదం కోసం ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు.

లినక్స్‌లో ఏర్పాటు

పాత లినక్స్ పంపిణీలలో కంప్యూటరుతో పాటు మొదలు కావలసిన ప్రోగ్రాములకు స్క్రిప్టులు రాసేవారు. రెడ్ హ్యాట్ వంటి పంపిణీలలో మూడవ స్థాయి అక్షరాల తెరను, అయిదవ స్థాయి బొమ్మల తెరను సూచించేవి. 2010లో వెలువడిన సిస్టమ్‌డి క్రమంగా ఆ పద్ధతి స్థానాన్ని ఆక్రమించింది. డెబియన్, ఉబుంటు రెండూ 2015 నాటి విడుదలలతో దీనికి మారాయి.

సిస్టమ్‌డిలో రిమోట్ డెస్క్‌టాప్‌ను ఒక సేవగా నమోదు చేయాలి. ఇందుకు రాసే చిన్న ఫైలులో నాలుగు సంగతులు ఉండాలి: ఏ ప్రోగ్రామును నడపాలి, ఏ వాడుకరి పేరున నడపాలి, దేని తరువాత మొదలుపెట్టాలి, ఆగిపోతే తిరిగి మొదలుపెట్టాలా వద్దా. మూడవ సంగతిలోనే పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి. ఉన్న తెరను చూపే ప్రోగ్రాము ఆ తెర సిద్ధం కాకముందే మొదలయితే వెంటనే ఆగిపోతుంది. చేతితో నడిపితే పనిచేసే ప్రోగ్రాము కంప్యూటరు మొదలయినప్పుడు పనిచేయకపోవడానికి సాధారణంగా ఇదే కారణం. ఫైలు రాసిన తరువాత ఆ సేవను ప్రతి ప్రారంభంలోనూ నడిచేటట్లు చేతనం చేయడం మరువరాదు. ఒకసారి మొదలుపెట్టడం వేరు, ఎల్లప్పుడూ మొదలయ్యేటట్లు చేయడం వేరు.

వాడుకరి దానంతటదే లాగిన్ అయ్యే అమరిక ఒక సులభ మార్గం. అయితే గ్నోమ్ వంటి డెస్క్‌టాపులలో సంకేతపదాలను భద్రపరిచే పెట్టె వాడుకరి తన సంకేతపదం ఇచ్చినప్పుడే తెరుచుకుంటుంది. దానంతటదే లాగిన్ అయినప్పుడు ఆ పెట్టె మూసే ఉంటుంది. రిమోట్ డెస్క్‌టాప్ సంకేతపదం అందులోనే ఉన్నట్లయితే సేవ మొదలు కాదు. పెట్టెను తెరవమనే ప్రశ్న ఎవరికీ కనిపించని తెర మీద నిలిచిపోతుంది. 2024 మార్చిలో విడుదలయిన గ్నోమ్ 46లో దూరం నుండే లాగిన్ అయ్యే సౌకర్యాన్ని చేర్చారు. ఎక్స్ విండో సిస్టం స్థానంలో వేలాండ్ వాడే కంప్యూటర్లలో ఎక్స్11విఎన్‌సి పనిచేయదు.

విండోస్‌లో ఏర్పాటు

విండోస్ ప్రొఫెషనల్, సర్వర్ కూర్పులలో రిమోట్ డెస్క్‌టాప్ ఒక సేవగా ఉంటుంది. అనుమతి ఇచ్చిన తరువాత ఎవరూ లాగిన్ కాకపోయినా అది కంప్యూటరుతో పాటే మొదలవుతుంది. దూరం నుండి వచ్చినవారే తమ పేరు, సంకేతపదం ఇచ్చి లోపలికి వెళతారు. హోమ్ కూర్పు ఇతర కంప్యూటర్లను చూడగలదు గాని తన తెరను ఈ పద్ధతిలో ఇతరులకు ఇవ్వలేదు. కొంతసేపటికి కంప్యూటరు నిద్రలోకి జారుకొనే అమరికను ఆపివేయడం అవసరం.

భద్రత

దానంతటదే తెరుచుకొనే ద్వారం యజమానికి ఎంత అనుకూలమో దొంగకూ అంత అనుకూలం. ఆర్‌డిపిలోని బ్లూకీప్ అనే లోపానికి మైక్రోసాఫ్ట్ 2019 మేలో సవరణ విడుదల చేసింది. లోపం తీవ్రత వలన, అప్పటికే మద్దతు నిలిపివేసిన విండోస్ ఎక్స్‌పికి కూడా ఆ సవరణను అందించింది. విఎన్‌సి పాత పద్ధతిలో సంకేతపదంలోని మొదటి 8 అక్షరాలనే లెక్కలోకి తీసుకుంటుంది. లోపలికి వచ్చిన తరువాత సాగే సమాచారాన్ని గుప్తీకరించదు.

కాబట్టి ఈ పోర్టులను నేరుగా ఇంటర్నెట్టుకు తెరిచి ఉంచరాదు. సేవను ఆ కంప్యూటరు లోపలికే పరిమితం చేసి, ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం ద్వారా గాని విపిఎన్ ద్వారా గాని చేరడం మేలు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులోకి వెళ్ళడం భారతదేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను కిందకు వస్తుంది. నిజాయితీ లేకుండా లేదా మోసపూరితంగా అలా చేస్తే 66వ సెక్షను ప్రకారం 3 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

పరీక్షించే విధానం

మానిటరు తగిలించి ఉండగా చేసిన పరీక్ష సరిపోదు. మానిటరు, కీబోర్డు, మౌస్ తీసివేసి, కంప్యూటరును సక్రమంగా ఆపి, ప్లగ్గు తీసి, కొద్ది నిమిషాల తరువాత మళ్ళీ పెట్టాలి. మరేదీ ముట్టుకోకుండా మరొక కంప్యూటరు నుండి తెర కనిపిస్తే ఏర్పాటు సరిగా ఉన్నట్లు. తెర కనిపించనప్పుడు కారణం తెలుసుకోవడానికి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా అక్షరాల దారిని కూడా ముందే తెరిచి ఉంచుకోవాలి. తెర దారి మూసుకుపోయినా ఈ రెండవ దారి మిగిలి ఉంటే సర్వరు దగ్గరకు ప్రయాణం తప్పుతుంది.