మధ్యాహ్నపు కునుకు ఎవరి సొత్తు?

పగటి నిద్రకు మొదట అడ్డు చెప్పింది ఆఫీసు మేనేజర్లు కాదు, మన పాత వైద్యులే. అది కఫాన్ని పెంచుతుందంటుంది చరక సంహిత. కానీ సూత్రస్థానం 21వ అధ్యాయంలో మినహాయింపులు చదివితే నవ్వొస్తుంది. పసివాళ్లు, ముసలివాళ్లు, బరువులు మోసినవాళ్లు, దారి నడిచి అలసినవాళ్లు, రాత్రి మేలుకున్నవాళ్లు హాయిగా పడుకోవచ్చు. వేసవిలో రాత్రులు కురచ కాబట్టి మిగతావాళ్లూ నడుం వాల్చవచ్చు. ఏ కాలంలోనూ కూడదన్నది ఒళ్లు బాగా పెరిగినవాళ్లకూ, నిత్యం నేతి తిండి తినేవాళ్లకూ. అంటే కునుకు కష్టజీవిదేనని చరకుడి తీర్పు. తర్వాత వాగ్భటుడు అష్టాంగహృదయంలో కూర్చుని తీసే కునుకు దోషం లేనిదన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఐరోపాలో 6వ శతాబ్దంలో క్రైస్తవ సన్యాసి బెనెడిక్ట్ తన మఠ నియమావళిలో వేసవి మధ్యాహ్నాల విశ్రాంతికి చోటిచ్చాడు. భోజనమయ్యాక సన్యాసులు మౌనంగా పడకలమీద వాలాలి, చదువుకోదలిస్తే పక్కవాడికి ఇబ్బంది కలగకుండా చదువుకోవాలి. తెల్లవారకముందే లేచి ప్రార్థన చేసేవాళ్లకు అది అవసరం.

తర్వాత కునుకు చేతులు మారింది. ఈస్టిండియా కంపెనీ దొర మధ్యాహ్నం గుర్రు పెడుతుంటే పంకా లాగేవాడు మేలుకుని ఉండాలి. ఫ్యాక్టరీ సైరన్ వచ్చాక కూలివాడి కునుకు సోమరితనమైంది. 1895లో క్యూబాలో మధ్యాహ్న నిద్ర రుచి మరిగిన చర్చిల్ మాత్రం రెండో ప్రపంచయుద్ధం నడిపిస్తూ కూడా ఆ అలవాటు వదల్లేదు. ఆయన్ని సోమరి అన్నవాళ్లు లేరు.

కునుకుకు శాస్త్రం ముద్ర పడింది విమానంలో. నాసా పరిశోధకులు పసిఫిక్ మీదుగా సాగే సుదీర్ఘ ప్రయాణాల్లో పైలట్లకు వంతులవారీగా 40 నిమిషాల విరామమిచ్చి, తలకు తీగలు తగిలించి గమనించారు. పైలట్లు కూర్చున్న సీట్లోనే ఆరు నిమిషాల లోపు నిద్రలోకి జారి, సగటున 26 నిమిషాలు పడుకున్నారు. విరామం లేనివాళ్లకు విమానం కిందికి దిగే వేళ కూడా క్షణకాలపు తూగులు వచ్చాయి. పడుకుని లేచినవాళ్లకు ఆ చివరి అరగంటలో ఒక్కటీ రాలేదు. 1994లో వెలువడిన ఈ నివేదిక వాగ్భటుడి మాటకు దూరపు సాక్ష్యంలా అనిపిస్తుంది నాకు.

ఎంతసేపు అన్న లెక్క 2006లో ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో తేలింది. రాత్రి నిద్ర చాలనివాళ్లను 5, 10, 20, 30 నిమిషాల చొప్పున పడుకోబెడితే, లేచిన వెంటనే మేలు కనిపించింది పది నిమిషాల కునుకులోనే. అరగంటైతే గాఢనిద్ర మొదలవుతుంది. మధ్యలో లేపితే తల దిమ్మెక్కి, మనిషి కుదురుకోవడానికి కొంతసేపు పడుతుంది. భుక్తాయాసంతో పడుకుని సాయంత్రం చిరాగ్గా లేచేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

ఆ తర్వాత కునుకు సౌకర్యాల జాబితాకెక్కింది. 2022లో బెంగళూరు పరుపుల కంపెనీ వేక్‌ఫిట్ తన ఉద్యోగులకు రోజూ మధ్యాహ్నం రెండు గంటల నుంచి రెండున్నర దాకా నిద్రపోయే హక్కు ప్రకటించింది. పరుపులు అమ్ముకునేవాళ్లకు అది మంచి ప్రచారం కూడా.

యంత్రం ముందు నిలబడేవాళ్లకు మాత్రం 2025 దాకా దక్కింది 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పిన విరామమే: ఐదు గంటలు మించకుండా పని, తర్వాత కనీసం అరగంట. చేతులు కడుక్కోవడం, క్యాంటీన్ వరస, భోజనం అన్నీ అందులోనే. ఇక బట్టల దుకాణాల్లో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిల సంగతి: కూర్చుని కునుకు తీయాలంటే ముందు కుర్చీ ఉండాలి కదా. ఆ కుర్చీ కోసమే కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ దుకాణాల చట్టాలను సవరించాల్సి వచ్చింది.