పాదాల పక్కనే తిరిగే చక్రం: ఫ్లైవీల్ పేలుళ్ల కథ

ఈసారి ఎపిసోడ్‌కి కారణం మా తమ్ముడు. పోయిన నెల పాత హ్యాచ్‌బ్యాక్ ఫ్లైవీల్ ఒకటి పట్టుకొచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. వెనకవైపు లేత్ మీద కోయించి, తళతళలాడేలా చేయించాడు. "అన్నా, రెండున్నర కిలోలు తగ్గింది, ఇక చూడు పికప్" అన్నాడు. ఇది బిగించాక నీ కాళ్లు ఎక్కడుంటాయిరా అని అడిగాను. వాడికి అర్థం కాలేదు. మీలో కూడా చాలామందికి అర్థం కాకపోవచ్చు, అందుకే ఈ కథ.

ముందు ఫ్లైవీల్ అంటే ఏంటో రెండు ముక్కల్లో. కుమ్మరి సారె చూశారు కదా, కర్రతో నాలుగు తిప్పులు తిప్పి వదిలేస్తే దాని బరువే దాన్ని తిప్పుతుంది. ఇంజన్ వెనక ఉండే ఫ్లైవీల్ పని కూడా అదే. బరువుగా ఉంటే ఇంజన్ నిదానంగా, సాఫీగా తిరుగుతుంది. బరువు తగ్గిస్తే ఆర్‌పీఎం టకటకా ఎక్కుతుంది. రేసు చేసేవాళ్ల కళ్లు దీనిమీద పడ్డది అందుకే.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో, ముఖ్యంగా దక్షిణ కాలిఫోర్నియాలో, కుర్రాళ్లు పాత ఫోర్డ్ వీ8 కార్లు చవగ్గా కొని, అవసరం లేనిదంతా పీకేసి రేసులు పెట్టుకునేవాళ్లు. హాట్ రాడ్లు అంటే అవే. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే డ్రాగ్ రేసింగ్ సంస్థ 1951లో పుట్టింది. డబ్బుల్లేని కుర్రాడు చేయగలిగిన పనుల్లో ఫ్లైవీల్ కోయించడం ఒకటి. లేత్ ఉంటే చాలు.

చిక్కు ఎక్కడంటే, కంపెనీ ఫ్లైవీల్ ఎక్కువగా పోత ఇనుము. మన వర్క్‌షాపుల్లో బీడు అంటారు. బీడుని నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం పుటుక్కుమంటుంది. తిరిగే చక్రంలో జరిగేదంతా లాగుడే. ఒక లెక్క చెప్తాను, ఫోన్ కాలిక్యులేటర్‌లో మీరూ వేసుకోండి. 35 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఫ్లైవీల్ 7000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే, దాని అంచు వేగం గంటకు సుమారు 460 కిలోమీటర్లు. ఆ అంచున ఉన్న 10 గ్రాముల ముక్క బయటికి లాగే బలం 95 కిలోల మనిషి వేలాడినంత! పైగా ఆర్‌పీఎం రెట్టింపైతే ఈ లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలు.

బరువు తగ్గించడమే తప్పు అనట్లేదు నేను. అంచున బరువు తగ్గితే నిజానికి లాగుడు కూడా తగ్గుతుంది. ఎక్కడ కోశారు, ఎలా కోశారు అన్నదే అసలు సంగతి. టూలు పదునైన మూల వదిలేసిందనుకోండి, పగులు అక్కడే మొదలవుతుంది. దానికి తోడు క్లచ్ రాపిడి వేడి. ఇంకోటి, ఐదో గేర్‌లోంచి నాలుగు అనుకుని రెండులో వేశారనుకోండి, ఇంజన్‌ని చక్రాలే తిప్పేస్తాయి. అప్పుడు రెవ్ లిమిటర్ ఉన్నా ఏం చేయలేదు.

పేలితే? ఫ్లైవీల్ చుట్టూ ఉండే బెల్ హౌసింగ్ పల్చటి పోత డొప్ప. అది గేర్‌బాక్స్‌ని పట్టుకుని, దుమ్ము రాకుండా చూడ్డానికే, ముక్కల్ని ఆపడానికి కాదు. దాని వెనకే డ్రైవర్ పాదాలు. అందుకని రేసర్లు మందపాటి ఉక్కు కవచాలు మొదలుపెట్టారు. స్కాటర్‌షీల్డ్ అంటారు, చెల్లాచెదురయ్యే ముక్కలకి అడ్డం అనమాట. తర్వాత రూల్ బుక్కుల్లోకీ ఎక్కాయి.

ఇక్కడ డాన్ గార్లిట్స్ గురించి చెప్పాలి. ఫ్లోరిడా మనిషి, 1932లో పుట్టాడు. తన డ్రాగ్ కార్లకి స్వాంప్ ర్యాట్ అని పేరు పెట్టాడు, అంటే చిత్తడి ఎలుక. ఆ కాలం డ్రాగ్‌స్టర్లలో ఇంజన్ ముందు, డ్రైవర్ అన్నిటికన్నా వెనక. క్లచ్, గేర్‌బాక్స్ సరిగ్గా కాళ్ల మధ్యకి వచ్చేవి. 1970 మార్చి 8న లాంగ్ బీచ్ దగ్గర లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో పచ్చ లైటు పడింది, కారు కదిలింది, పేలింది. ఈసారి పేలింది ఫ్లైవీల్ కాదు, దాని వెనకుండే రెండు స్పీడ్ల గేర్‌బాక్స్. అదీ గార్లిట్స్ సొంత డిజైన్! కారు రెండు ముక్కలైంది. కుడి పాదంలో సగభాగం పోయింది. ముక్కలు ప్రేక్షకుల దాకా వెళ్లాయి, ఒక కుర్రాడికి చెయ్యి తీవ్రంగా దెబ్బతింది.

వేరేవాళ్లైతే రేసింగ్ మానేసేవాళ్లేమో. ఈయన ఆసుపత్రి మంచం మీదే కొత్త కారు గీసుకున్నాడు. ఇంజన్ వెనక, మనిషి ముందు. ఈ ఆలోచన కొత్తదేం కాదు, అంతకుముందు చాలామంది ప్రయత్నించారు, కానీ ఆ కార్లు తిన్నగా వెళ్లేవి కావు. గార్లిట్స్ బృందానికీ మొదట్లో అదే తలనొప్పి. చివరికి మందు చాలా చిన్నది: స్టీరింగ్‌ని నెమ్మది చేశారు. చెయ్యి ఎక్కువ తిప్పితే చక్రం కొంచెమే తిరిగేలా. ఆ స్వాంప్ ర్యాట్ 14తో 1971లో పొమోనాలో వింటర్‌నేషనల్స్ గెలిచాడు. కొన్నేళ్లలో టాప్ ఫ్యూయల్‌లో ముందు ఇంజన్ డ్రాగ్‌స్టర్లు మాయమైపోయాయి. నాకు ఈ కథలో గెలుపు కన్నా ఆ స్టీరింగ్ సంగతే ఎక్కువ ఇష్టం.

విడిభాగాల తయారీదారులు 1963లోనే సెమా అని ఒక సంఘం పెట్టుకున్నారు. దాన్నుంచే 1978లో ఎస్‌ఎఫ్‌ఐ ఫౌండేషన్ వచ్చింది. ఫ్లైవీల్, క్లచ్‌లకి వాళ్ల ప్రమాణం నంబర్ 1.1. పేరున్న రేసు ఫ్లైవీళ్లు ఉక్కు దిమ్మలోంచి కోసి చేస్తారు, ఆ గుర్తు వేస్తారు. కొనేటప్పుడు చూడాల్సింది తళతళ కాదు, ఆ గుర్తు.

సరే, మావాడి ఫ్లైవీల్. పాతకాలం పరీక్ష ఒకటి చేశాం. రాత్రంతా కిరోసిన్‌లో ఉంచి, పొద్దున శుభ్రంగా తుడిచి, సుద్దపొడి రాశాం. పగులుంటే లోపలికి దిగిన కిరోసిన్ ఊరి సుద్ద మీద గీతలా కనపడుతుంది. పది నిమిషాలు ఏం లేదు. "చూశావా అన్నా" అన్నాడు మావాడు. తర్వాత ఒక బోల్టు రంధ్రం నుంచి కొత్తగా కోసిన మూల దాకా, వెంట్రుకంత సన్నగా, తడి గీత ఒకటి బయటపడింది. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఇప్పుడది మా వరండా తలుపుకి అడ్డంగా ఉంది. గాలికి తలుపు కొట్టుకోకుండా.