ఫొటో కింద ఎవరి పేరు?

కొన్నేళ్ల క్రితం హైదరాబాదు నుంచి వెలువడే ఒక లైఫ్‌స్టైల్ పత్రిక కోసం మా లక్సెట్టిపేటలో ఫ్యాషన్ ఫొటోలు తీశారు. ఫొటోగ్రాఫర్ నాకు యూనివర్సిటీ స్నేహితురాలు. ఎవరూ చూడని చోటు కావాలంటే నేనే వెంటబెట్టుకొచ్చాను. చేనేత చీర మీద తోలు జాకెట్, చెదిరిన జుట్టు, కళ్ల చుట్టూ దట్టంగా కాటుక, నవ్వని ముఖం. ఆ మోడల్‌ని మా వాడకట్టులో ఒక అరుగు మీద నిలబెట్టారు. అక్కడ బీడీలు చేసుకుంటున్న ఆడవాళ్లని "లేవకండి, మీ పని మీరు చేసుకోండి" అని బతిమాలింది కూడా నేనే. ఒడిలో చాట, చాటలో తునికాకు, జర్దా, దారం. వాళ్లలో నేను చిన్నమ్మా అని పిలిచే ఆమె ఒక్క మాట అడిగింది. "మరి నా పేరేస్తరా బిడ్డా?"

వేస్తారన్నాను. పత్రిక వచ్చింది. మోడల్ పేరు, చీరల దుకాణం పేరు, జాకెట్ ధర, మేకప్ చేసినవాళ్ల పేరు, నా స్నేహితురాలి పేరు ఉన్నాయి. చిన్నమ్మ ముఖం సగం మసకగా ఉంది. పేరు లేదు.

స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నదాన్ని. పుస్తకం మీద ఎవరి పేరుంది, ఎవరి పేరు జారిపోయింది అని ఏళ్ల తరబడి వెతికాను. ఫొటో దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్న నాకు తోచలేదు. చిన్నమ్మకు తోచింది. ఆ సిగ్గుతోనే ఫొటోగ్రఫీ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

మన దగ్గర ఆ చరిత్ర రాజా దీన్‌దయాళ్‌తో మొదలవుతుందని చెప్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన. 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే స్త్రీల కోసం ఎత్తైన గోడల మధ్య కట్టిన స్టూడియో అది. లోపల మగవాళ్లకు ప్రవేశం లేదు. తీసేదీ ఆడవాళ్లే, తీయించుకునేదీ ఆడవాళ్లే. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు పరదాను ఇంకో గోడతో గట్టి చేసిన ఏర్పాటులాగే కనబడింది. ఇప్పుడు అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. తన ముఖం ఎవరు చూడాలి అన్న ప్రశ్న ఆ గోడల మధ్యన కనీసం ఒక ప్రశ్నగా ఉంది. దానికి జవాబు ఆమెదో, ఆమె ఇంటి మగవాళ్లదో అన్నది వేరే సంగతి. మా అరుగు మీద ఆ ప్రశ్నే లేదు.

ఆ స్టూడియో నడిపింది ఒక ఆంగ్ల మహిళ. చరిత్ర పుస్తకాల్లో ఆమె మిసెస్ కెన్నీ లెవిక్. అంటే ఫలానా వారి భార్య. కెమెరా వెనక నిలబడినంత మాత్రాన ఆడదానికి పేరు దక్కదన్నమాట. అర్ధశతాబ్దం తర్వాతా పెద్దగా మారలేదు. మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా చెప్పుకునే హొమాయి వ్యారవాలా తొలిరోజుల్లో తీసిన ఫొటోలు ఆమె భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. ఆమెకు పద్మవిభూషణ్ 2011లో వచ్చింది. అప్పటికి ఆమెకు తొంభై ఏడేళ్లు.

ఫ్యాషన్ ఫొటోకి ఇంకో చిక్కు ఉంది. బట్ట కొత్తగా కనబడాలంటే దాన్ని ఇమడని చోట పెట్టాలి. 1941లో సెసిల్ బీటన్ బ్రిటిష్ వోగ్ పత్రిక కోసం, బాంబులకు కూలిన లండన్ కట్టడం ముందు సూటు వేసుకున్న మోడల్‌ని నిలబెట్టి ఫొటో తీశాడు. శిథిలాలకు పేరు అక్కర్లేదు. కానీ శిథిలాల స్థానంలో మనుషుల్ని పెడితే? 2008 ఆగస్టు వోగ్ ఇండియా అదే చేసింది. పళ్లూడిన పేదవాడి చేతికి బర్‌బెర్రీ గొడుగు, పసిబిడ్డ మెడకు ఫెండి కంపెనీ బిబ్బు. ఫొటోల దగ్గర కంపెనీల పేర్లున్నాయి, మనుషుల పేర్లు లేవు. కనికా గహ్‌లౌత్ అనే కాలమిస్టు దాన్ని ఎత్తిచూపింది. ఫ్యాషన్ ఇప్పుడు డబ్బున్నవాళ్ల సొత్తు మాత్రమే కాదని సంపాదకురాలు సమర్థించుకుంది. ఆ వివాదం చదివి అప్పట్లో నేను కోపం తెచ్చుకున్నాను. తర్వాత మా వాడకట్టులోనే అదే పని చేయించాను.

అయితే పేరొక్కటి వేస్తే సరిపోతుందా? మా ఇంట్లో అమ్మ పెళ్లికాక ముందటి ఫొటో ఒకటుంది. 1980లలో ఊళ్లోని స్టూడియోలో తీయించింది. వెనక తోట బొమ్మ వేసిన పరదా, పక్కన ప్లాస్టిక్ పూల కుండీ. ఫొటో వెనక తాతయ్య చేతిరాతతో అమ్మ పేరు, నక్షత్రం, చదువు, ఎత్తు. పేరుంది. కానీ ఆ ఫొటో అమ్మ కోసం తీయించింది కాదు, పెళ్లివాళ్లకు పంపడానికి. మూడిళ్లు తిరిగి వచ్చిందట. "నవ్వద్దన్నరు. నవ్వలే" అంటుంది అమ్మ. ఆ నవ్వని ముఖానికీ, ఫ్యాషన్ మోడల్ నవ్వని ముఖానికీ మధ్య దూరం ఎంతో నాకింకా తేలలేదు. ఇద్దర్నీ నవ్వొద్దన్నవాళ్లు వేరే.

అందుకే ఇప్పుడు ఆడవాళ్ల ఫొటో ఏది చూసినా మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఎవరు అడిగితే తీశారు? ఎలా కూచోవాలో ఎవరు చెప్పారు? అచ్చు ఎవరి చేతికి వెళ్లింది? పేరు సంగతి ఈ మూడింటి తర్వాతే.

పోయిన దసరాకు ఊరెళ్లినప్పుడు చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. పేరు వేయలేదని చెప్పాను. "ఎరుకే" అన్నది. మళ్లీ తియ్యనా అంటే లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చింది. నేను అలవాటుకొద్దీ చాట తెచ్చి ఒడిలో పెట్టబోయాను.

"అదెందుకే? చాట లేకుండ తియ్యి."

మంచం మీద కూచుని, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, తిన్నగా చూసింది. రెండు ప్రింట్లు వేయించి, ఆమె చెప్పినట్టే వెనక ఆమె పేరు రాసిచ్చాను. ఈ వ్యాసంలోనూ నీ పేరు రాయనా అని అడిగాను. కాసేపాలోచించి, "ఫొటో మీద చాలు. కాయితంల వద్దు" అన్నది. అందుకే రాయలేదు.