కంటిలో మెదడు జాడ

ముసలితనమున మతి తప్పుట సహజమని మనము చిరకాలముగా చెప్పుకొనుచున్నాము. అరువదియేండ్లు దాటిన నాకును, కండ్లజోడు ఎచట పెట్టితినో తోచనపుడు ఆ మాటయే ఊరట. కాని సహజమైన మరపు వేరు, వ్యాధి వేరు. థైరాయిడు లోపము, బి12 లోపము వంటి కుదుర్చదగిన కారణములును కలవు గనుక, ముదిమి యని ఊరకుండుట నాకు సమ్మతము కాదు.

1901వ సంవత్సరమున జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు మానసిక వైద్యశాలకు అగస్టె డేటర్ అను 51 ఏండ్ల స్త్రీని తోడితెచ్చిరి. ఆలోయిస్ ఆల్జ్‌హైమర్ అను వైద్యుడు పేరు వ్రాయుమనగా ఆమె “శ్రీమతి” అని వ్రాసి తక్కినది మరచెను. 1906లో ఆమె గతించిన పిదప ఆతడు ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, కణముల నడుమ పేరుకొన్న మచ్చలను, కణములలో చిక్కుపడిన పోగులను కనుగొనెను. ఆ నవంబరున ట్యూబింగెన్ సభలో ఈ సంగతి వినిపింపగా ఒక్కరైనను ప్రశ్న వేయలేదట! 1910లో క్రెపెలిన్ ఆచార్యుడు తన గ్రంథమున ఆ వ్యాధికి ఆల్జ్‌హైమరు పేరు పెట్టెను.

చిక్కేమనగా, ఆ మచ్చలను చూడవలెనన్న రోగి మరణింపవలసియుండెను. చాలకాలమునకు గాని వెన్నునీటి పరీక్షలు, మెదడు చిత్రములు, రక్తపరీక్షలు రాలేదు.

ఇక కన్ను. గర్భమందు శిశువు ఏర్పడునపుడు రెటీనా అను కంటి లోపలి పొర మెదడునుండియే మొలకవలె వెలువడును. అందుండి సుమారు 10 లక్షల నరపు పోగులు దృఙ్నాడిగా కూడి మెదడు చేరును. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటిలోనికి చూచు సాధనమును ప్రకటించెను. కోత లేకయే నరమును నెత్తురుగొట్టమును చూడదగిన చోటు దాదాపు ఇదియొక్కటే.

1986లో అమెరికాలో హింటన్, సాడున్ మొదలగువారు ఈ వ్యాధిగ్రస్తులు 10 మందిలో 8 మంది దృఙ్నాడుల యందు పోగులు క్షీణించుట చూచిరి. 1991లో వెలుగుతో పొరల మందమును కొలుచు ఓ.సి.టి. యంత్రము వెలసెను. దానితో కొలిచి, ఈ రోగులలో నరపు పొర పలుచబడినదని పలువురు వ్రాసిరి.

2011లో లాస్ ఏంజిలిస్‌లోని సీడార్స్-సైనై పరిశోధకులు చేసినది మన వంటింటికి దగ్గర. పసుపులోని కుర్కుమిన్ ఆ మచ్చల నంటుకొని వెలుగును. ఆ గుర్తుతో వారు ఎలుకల కండ్లలోను, మృతుల కండ్లలోను మచ్చలను చూపిరి. 2017లో సజీవులైన రోగుల కండ్లలోను చిత్రించితిమనిరి. ఇది విని పసుపు తిన్న రోగము పోవునని యెంచకుడు. అది ఇచట రంగే గాని మందు కాదు.

నీటికాసుల జబ్బును, మధుమేహమును సైతము ఆ నరపు పొరను చెరచును. కొన్ని పరిశోధనాలయములలో ఆ మచ్చలు కనబడనేలేదు. అందుచేత కన్ను చూచియే ఈ వ్యాధిని నిర్ణయించు పద్ధతి వైద్యశాలలలో ఇంకను స్థిరపడలేదు. వృద్ధుల కన్నులను ఏండ్ల తరబడి చిత్రించి, వారిలో పిమ్మట ఎవరికి మతి తప్పినదో సరిచూచు పని పలుదేశములలో సాగుచున్నది.